లాప్‌టాపుల మేళము



మన కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో భజన నెఱుగనివా రుండరు. మద్దెలధ్వని మద్దెలవానియొద్దనుండియే వచ్చును. తాళధ్వని తాళములవానియొద్దనుండియే వచ్చును. కన్నులు మూసికొన్నను లయ తప్పినవా డెవడో తెలియును. ప్రక్కవాడు మోచేతితో హెచ్చరించును. వేపచెట్టునకు గట్టిన మైకుబూర వచ్చినపిమ్మట పదుగురి నాదమును ఒక్క నోటనుండియే వెలువడసాగెను. నేను మాటలాడుచున్న యీ రేడియోకును ఆ దోషము కలదు.

విద్యుద్యంత్రములతో సంగీతము కూర్చువారికిని చిరకాలము ఇదియే కొఱత. వేదికకు రెండు ప్రక్కల నిలిపిన పెట్టెలు మ్రోగుచుండెడివి. వాయించువా డేమి చేయుచున్నాడో సభకు తెలియకుండెడిది. అమెరికాదేశమున ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునందు డాన్ ట్రూమన్, పెర్రీ కుక్ అను ఆచార్యులు 2005లో లాప్‌టాపుల మేళమును నెలకొల్పిరి. లాప్‌టాపనగా ఒడిలో నిముడు గణనయంత్రము. వాద్యకులు 15 మంది. ప్రతివానికిని ఒక లాప్‌టాపు. దాని చెంతనే బోర్లించిన గిన్నెవలె నుండి ఆఱువైపుల ధ్వనించు పెట్టె. ఎవని నాదము వాడు కూర్చున్న తావుననే పుట్టును. అచ్చముగా మన భజనగోష్ఠియే!

అచట విద్యార్థిగా నుండిన గె వాంగ్ ‘చక్’ అను యంత్రభాషను రచించెను. కాలమానమును మిక్కిలి సూక్ష్మముగా శాసించుట దాని విశేషము. తాళశాస్త్రము చదివినవారి కిది వింతగాదు. 2006లో జాకిర్ హుసేన్‌గారు తబలాతో ఈ మేళమున పాల్గొనిరి. 2008లో వాంగుగారు స్టాన్‌ఫర్డునందును ఇట్టి మేళమును స్థాపించిరి.

నాకు మిక్కిలి నచ్చిన దొకటి కలదు. లాప్‌టాపునే ప్రక్కకు వంచి స్వరమును మార్చు పద్ధతినిగూడ వారు కనిపెట్టిరి. కంపితము, జారు మున్నగు మన గమకములు దానియం దెంతవఱకు పలుకునో వీణ పట్టిన చేతులే పరీక్షింపవలెను.