పాటల నిండా ప్రేమే ఎందుకు? ఒక హోసూరు మనిషి లెక్క

పోయిన నెల హోసూరు దగ్గర మా చుట్టాల పెళ్ళికి పోయింటిమి. భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన విసుక్కున్నాడు. "ఏం పాటలప్పా ఇవి? అన్నీ ప్రేమే. మన కాలంలో ఇట్ల ఉండిందా?" మైకులో ఒక తమిళ పాట, దాని వెంట తెలుగుది, ఆపైన కన్నడం. భాషలు మూడైనా సంగతి ఒకటే.

నేనూ మునుపు ఈ మాట అనేవాణ్ణే. నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. సంగీతం నేర్చినవాణ్ణి కాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు మన తమిళనాడు తెలుగువాళ్ళ చరిత్రలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

"మన కాలం" అంటే కాస్త వెనక్కి పోదాం. 17వ శతాబ్దంలో తంజావూరును, మధురను తెలుగు నాయకరాజులు ఏలుతున్నారు. అప్పుడు కృష్ణా తీరపు మువ్వ ఊరి పేరును ముద్రగా పెట్టుకున్న క్షేత్రయ్య దక్షిణాదికి వచ్చాడు. మధుర తిరుమల నాయకుడి దగ్గర, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర, గోలకొండ పాదుషా కొలువులో పాడినట్టు ఆయన పదంలోనే ఉంది. వేలల్లో పాడాడంటారు, మనకు మిగిలింది కొన్ని వందలు. దాదాపు అన్నీ ప్రేమ పాటలే. 1673లో నాయకుల తంజావూరు పోయింది, తర్వాత మరాఠాలు వచ్చారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆ రాజులు కూడా తెలుగు పాటను వదల్లేదు. షాహజీ తానే తెలుగులో యక్షగానాలు రాశాడు. 19వ శతాబ్దానికి పదం కన్నా చిన్నది, నడక చురుకైనది జావళి వచ్చింది. అందులోనూ ప్రేమే. జావళి అనగానే గుర్తొచ్చే పేరు ధర్మపురి సుబ్బరాయర్. ఆ ధర్మపురి, మా హోసూరు అప్పట్లో ఒకే సేలం జిల్లా. అంటే పెద్దాయన విసుక్కున్న సరుకు మన తట్టునే తయారయింది!

మరి అన్నీ ప్రేమే ఎందుకయ్యాయి? మనుషులకు వేరే బతుకు లేకనా? కాదు. మా అవ్వకు ఎన్ని రకాల పాటలు వచ్చో నాకు తెలుసు. ఉయ్యాల దగ్గర జోల పాట, రాగి చేనులో కలుపు పాట, విసుర్రాయి దగ్గర ఒకటి, పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు అప్పగింతల పాట. అయితే ఒక్కొక్కదానికి ఒక వేళ ఉంది. జోల పాట చేనులో పాడరు, అప్పగింతల పాట మామూలు రోజు పాడితే అపశకునం అంటారు. వేళ అక్కర లేనిది ప్రేమ పాట ఒక్కటే. పొద్దున పాడుకోవచ్చు, రాత్రీ పాడుకోవచ్చు. చేతిలో పని ఉన్నా సరే, ఊరికే కూర్చున్నా సరే.

పాట పనిలో భాగంగా ఉన్నంతకాలం ఈ తేడా పెద్దగా తెలియలేదు. పాట వినడానికని డబ్బు ఇచ్చేవాడు వచ్చినాక తెలిసింది. మొదట రాజు, తర్వాత జమీందారు, పెళ్ళివారు, ఆ తర్వాత టికెట్టు కొన్నవాడు, చివరికి గ్రామఫోను ప్లేటు కొన్నవాడు. ఆ పాత ప్లేటు ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల చిల్లర. చేనులో పొద్దంతా సాగే పాట అందులో పట్టదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పెట్టుకుంటారో అమ్మేవాడికి తెలియదు. కాబట్టి ఏ వేళకైనా నప్పే పాటే ముందుకొచ్చింది.

రెండో కారణం నా ఉద్యోగం భాషలో చెప్తాను. ప్రేమ పాట బేరర్ చెక్కు లాంటిది. అందులో పేరుండదు, "నేను", "నువ్వు", "వాడు" అంతే. మువ్వగోపాలుడు అన్నా, ఆ పేరులో దేవుణ్ణి చూసుకునేవాడు దేవుణ్ణి చూసుకుంటాడు, ఇంటాయన్ను తలచుకునేది ఇంటాయన్ను తలచుకుంటుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే ఆ పాట. ఊరు, కులం, భాష కూడా దాటిపోతుంది. తమిళం మాట్లాడే ఊళ్ళల్లో తెలుగు పదాలు ఇన్ని తరాలు బతికాయంటే ఇదీ ఒక కారణమే.

మూడోది మనలాంటి ప్రవాస తెలుగువాళ్ళకు ముఖ్యమైనది. కావ్యం గ్రాంథికంలో ఉండొచ్చు, స్తోత్రం సంస్కృతంలో ఉండొచ్చు. అలిగినవాణ్ణి పిలవాలంటే, ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలదీయాలంటే, చెలికత్తెతో గోడు చెప్పుకోవాలంటే ఇంటి మాటే కావాలి. క్షేత్రయ్య పదాల్లో ఆడవాళ్ళు దెప్పుతారు, ఎగతాళి చేస్తారు, డబ్బు సంగతి కూడా మొహమాటం లేకుండా అడుగుతారు. ఇళ్ళల్లో మాట్లాడిన తెలుగు ప్రేమ పేరు చెప్పుకొని పాటలోకి ఎక్కింది.

ఇది నాకు ఎట్లా తెలిసిందంటే, 1990ల్లో నన్ను తంజావూరు బ్రాంచికి మార్చారు. మేం అద్దెకున్న వీధిలో ఒక పెద్దమ్మ పిల్లలకు పాట నేర్పేది. ఆమెది తమిళం. నేను తెలుగువాణ్ణని తెలిసి ఒకరోజు పిలిచి, "సార్, ఈ పాటలో చలము అని వస్తుంది. జలం, అంటే నీళ్ళేనా?" అని అడిగింది. నాకూ తెలియదు. బడిలో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి. సిగ్గేసింది. సెలవుకు ఇంటికి పోయి అమ్మను అడిగినాను. అమ్మ నవ్వింది. "మీ నాయన చలం పడితే దేవుడు దిగొచ్చినా కదలడు కదరా, ఆ చలమే!" మొండిపట్టు. అక్షరం ముక్క రాని మా అమ్మకు తెలిసిన మాట నాకు తెలియదు. తంజావూరు పాటలోని మాట హోసూరు వంటింట్లో ఊపిరితో ఉంది.

ఆ రోజే అమ్మ ఇంకో సంగతి చెప్పింది. అవ్వకు బావ మీద పాటలు చాలా వచ్చేవట. నాయన పాడనిచ్చేవాడు కాదట. "మర్యాదస్తుల ఇంట్లో అవేం పాటలు?" అనేవాడట. ఆ మర్యాద మా ఇంటి ఒక్కదానిది కాదు. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చువేస్తే సర్కారు నిషేధించింది. 1947లో ఆడపిల్లలను గుళ్ళకు అర్పించడాన్ని ఆపుతూ మద్రాసులో చట్టం వచ్చింది. ఆ ఆచారం పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ పాటలను నిలబెట్టిన ఆడవాళ్ళ మీద పడిన నింద పాటల మీదా పడింది. వీణ ధనమ్మాళ్ ఇంటివాళ్ళు, ఆమె మనవరాలు బాలసరస్వతి పట్టు వదలకుండా నిలబడ్డారు కాబట్టి కొన్ని పదాలు దక్కాయి. మా అవ్వ పాటలకు అట్లా నిలబడేవాళ్ళు లేరు. ఒక్కటీ మిగల్లేదు.

ఇందులో తమాషా ఏమంటే, మా నాయనకు దేవదాసు సినిమా అంటే ప్రాణం. టూరింగ్ టాకీసుకు ఎప్పుడొచ్చినా పోయేవాడు. 1953 నాటి ఆ సినిమాలో ఆర్. బాలసరస్వతీదేవి పాడింది ఒక క్షేత్రయ్య పదం. ఇంట్లో కూడదన్నదాన్ని టికెట్టు కొనుక్కుని విని వచ్చేవాడు, పాపం, ఆయనకు తెలియదు.

పెళ్ళి పంక్తిలో ఇదంతా పెద్దాయనకు చెప్పినాను. ఆకులో మజ్జిగ అన్నం ముగించి, కాసేపు ఊరకుండి, "మా అమ్మకు ఒక పాట వస్తుండె. బావ మీదనే. మొదటి ముక్క ఒకటే గుర్తుండాది" అన్నాడు. చెప్పమన్నాను. చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు, చెప్పలేదు. ఫోను నంబరు తీసుకున్నాను. వచ్చే వారం ఆయన ఇంటికి పోతాను.

హోసూరైనా, కోయంబత్తూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, మీ ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు ఉంటే భక్తి పాటలతో పాటు ఆ పాటలూ అడగండి. చెప్పను పొమ్మంటారు. చలం పట్టి అడగండి. మన పోయిన మాటలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి.