గుట్టకు నాలుగు పేర్లు

మన సాహిత్య చరిత్రల్లో కురిక్యాల శాసనానికి దక్కిన చోటు ఒక్క పేరా. నన్నయకు దాదాపు నూరేళ్ళ ముందే తెలుగులో కంద పద్యం నడక నేర్చి ఉందనడానికి అది సాక్ష్యం. కాబట్టి ఎం.ఏ. విద్యార్థి పరీక్ష కోసం మూడు ముక్కలు గుర్తుపెట్టుకుంటాడు. క్రీ.శ. 945 ప్రాంతం, జినవల్లభుడు, మూడు కందాలు. అక్కడితో శాసనం పని అయిపోతుంది. ఆ శాసనం ఏ బండమీద ఉంది, ఆ బండ ఏ గుట్టది, ఆ గుట్ట కింద ఎవరు బతుకుతున్నారు అనే ప్రశ్నలు సాహిత్యానికి బయటివని మనవాళ్ళు ఎప్పుడో తీర్మానించుకున్నారు.

శాసనాన్ని పూర్తిగా చదివితే ఈ విభజన నిలవదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, గంగాధర మండలంలో ఉంది కురిక్యాల. అక్కడి గుట్టమీద జినవల్లభుడు చక్రేశ్వరి విగ్రహాన్నీ, జినుల విగ్రహాలనూ రాతిలో చెక్కించాడు. వాటి కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ శాసనం వేయించాడు. అతడు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడికి తమ్ముడు. పంపడు 941లో కన్నడంలో విక్రమార్జున విజయం పూర్తిచేసిన మహాకవి. తమ్ముడు తన గురించీ, అన్న గురించీ, వెంగినాటి నుంచి వచ్చిన తమ వంశం గురించీ చెప్పుకొని, తాను చేసిన పనులను లెక్కపెట్టాడు. త్రిభువనతిలకమనే బసది కట్టించాడు. కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. కవితాగుణార్ణవుడు పంపకవి బిరుదు. అన్న బిరుదును తమ్ముడు చెరువుకు పెట్టాడన్నమాట.

మనం ఈ శాసనం నుంచి మూడు పద్యాలను ఏరుకున్నాం. చెరువునూ తోటనూ అక్కడే వదిలేశాం. చెక్కించినవాడికి మాత్రం బసదీ, చెరువూ, తోటా, పద్యమూ ఒకే వరుసలో చెప్పుకోదగిన పనులు. గుట్టమీద పడ్డ వానే చెరువుకు ఆధారం, చెరువే తోటకు ఆధారం అని తెలిసిన కాలపు మనిషి అతడు. రాజాస్థానపు నీడలో బతికిన సంపన్నుడు కాబట్టి తన కీర్తికోసమే చేశాడనుకుందాం. అయినా ఆనాటి కీర్తికి చెరువు కొలమానంగా ఉండిందనే సంగతి చిన్నదేమీ కాదు.

ఈ గుట్టకు శాసనం పెట్టిన పేరు వృషభగిరి. ఊరి జనం పెట్టుకున్న పేరు బొమ్మలగుట్ట. బొమ్మలున్న గుట్ట కాబట్టి బొమ్మలగుట్ట, అంతకన్న వివరణ అక్కరలేదు. ఇక కార్యాలయం ఇలాంటి గుట్టలకు మూడో పేరు పెట్టింది. నిజాం కాలపు 1317 ఫసలీ భూమిశిస్తు చట్టం, అంటే 1907 నాటిది, శిస్తు రాని నేలను ఖాతాకు బయటి నేలగా లెక్కకట్టింది. పశువులు మేసే బంచరాయి, నీళ్ళు నిలిచే శికం, పుల్లలూ సీతాఫలాలూ దొరికే గుట్ట, అన్నీ ఊరందరి బతుకుకు ఆధారాలే. కాని వాటికి పట్టాదారు లేడు కనుక పట్వారీ దస్తరంలో అవి ఒక నంబరు మాత్రమే. స్వాతంత్ర్యం తర్వాత 1957 గనుల చట్టం గ్రానైటునూ ఇసుకనూ ‘చిన్న ఖనిజాలు’ అని రాష్ట్రాల చేతికిచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్ వాటికి నియమావళి చేసింది. ఊరికి గుట్ట చిన్నదా పెద్దదా అని ఎవరూ అడగలేదు. చట్టంలో మాత్రం అది చిన్నదే.

నాలుగో పేరు బజారుది. కరీంనగర్ ప్రాంతపు రాయికి విదేశీ విపణిలో ‘టాన్ బ్రౌన్’ అనీ, ‘మేపుల్ రెడ్’ అనీ పేర్లున్నాయి. గుట్ట ముక్కలై కాకినాడ వంటి రేవులకు చేరి, చైనా దాకా పోతుంది. అక్కడ సానపట్టి పలకలుగా ఎవరి ఇంటి గచ్చుకో, ఎవరి సమాధికో అమ్ముతారు. వృషభగిరి నుంచి టాన్ బ్రౌన్ దాకా ఈ నామకరణ చరిత్రే మన ప్రాంతపు ఆర్థిక చరిత్ర అంటే అతిశయోక్తి కాదు. పేరు మారినప్పుడల్లా వస్తువుమీద హక్కు చేతులు మారింది.

గత రెండు మూడు దశాబ్దాల్లో కరీంనగర్ చుట్టూ గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. దిమ్మెరాయి తవ్వే క్వారీలో తీసినదంతా అమ్ముడుపోదు. పగుళ్ళున్నదీ, రంగు కలవనిదీ పక్కన పోస్తారు. అలా గుట్ట తరుగుతుంటే పక్కన పనికిరాని రాళ్ళ గుట్ట పెరుగుతుంది. గుట్టమీది వాననీళ్ళు కుంటకు దిగే దారులు ఆ రాళ్ళతోనూ రాతిపిండితోనూ పూడుతాయి. పేలుళ్ళకు ఇళ్ళ గోడలు బీటలువారుతాయి. ఎలుగుబంట్లు చోటు లేక ఊళ్ళమీద పడతాయి. జనం ఎలుగును తిట్టుకుంటారు. ఎలుగు ఎవరిని తిట్టుకోవాలి?

ఈ తవ్వకాలు బొమ్మలగుట్ట చుట్టుపక్కలకు వచ్చినప్పుడు స్థానికులూ, చరిత్రకారులూ, సాహితీపరులూ అభ్యంతరం చెప్పారు, పత్రికలు రాశాయి. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి వచ్చింది. తెలుగు ప్రాచీనతను వాదించినవాళ్ళు చూపిన సాక్ష్యాల్లో ఈ శాసనమూ ఉంది. అంటే భాషకు పీఠం వేసిన బండ కిందనే తవ్వకమా అన్న ప్రశ్నకు పాలకుల దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్న బలమైనదే, కాదనను. కాని ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో విమర్శకుడు పరిశీలించాలి.

మన పురావస్తు చట్టాలు గుహకూ, రాతిశిల్పానికీ, శాసనానికీ రక్షణ ఇస్తాయి. నూరేళ్ళు దాటిన అక్షరానికి చట్టంలో చోటుంది. అదే బండమీద అక్షరం లేకపోతే? మేకలు మేపుకునే స్త్రీకి ఆ గుట్టతో ఉన్న సంబంధం వెయ్యేళ్ళదే అయినా దానికి శిలాశాసనం లేదు గదా! అందుకే ‘అక్షరాలున్న బండను వదిలి తక్కినది తవ్వుకుంటే నష్టమేమిటి’ అనే వాదం పుట్టడానికి వీలుంది. సాహితీపరులు అక్షరం కోసం మాత్రమే వస్తే ఈ వాదం ముందు వాళ్ళ నోరు మూతపడుతుంది. జినవల్లభుడి చెరువును గుర్తుపెట్టుకున్నవాడికి మాత్రం సమాధానం సిద్ధంగా ఉంటుంది. శాసనం కాపాడమన్నది తనను మాత్రమే కాదు.

అక్షరాలు లేని గుట్టలకోసం నిలబడ్డవాళ్ళ చరిత్ర వేరే ఉంది. అది ‘పర్యావరణం’ అనే మాటతో మొదలుకాలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాదిమంది రైతుకూలీలు ఊరేగారు. వెట్టి వద్దన్నారు, కూలి పెంచమన్నారు, దొరలు గుంజుకున్న దండుగలు తిరిగి ఇమ్మన్నారు. దొరలు కలుపుకున్న బంజర్లను విడిపించాలన్నారు. కొద్ది వారాలకే, అక్టోబరు 20న, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఊరేగింపు గురించి మన కవులు చాలా రాశారు, మనం చాలా చర్చించాం. ఆ కోర్కెల్లో బంజరు అనే మాట దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు. ఊరుమ్మడి నేలను ఒకడు కలుపుకోవడం అన్యాయమన్న నీతి అందులో ఉంది. అదే నీతి తర్వాత గుట్ట దగ్గరా, వాగు దగ్గరా మళ్ళీ పలికింది.

ఇక్కడొక ఆక్షేపణకు అవకాశముంది. 1978 నాటి రైతు నేలను దున్నుకోవడానికి అడిగాడు, ఈనాటి ఊరు గుట్టను అట్లాగే ఉంచమని అడుగుతోంది, రెండూ ఒకటెట్లా అవుతాయి? నిజమే, ఒకటి కావు. భూమిలేనివాడికి బంజరు పంచితే పశువుల మేతకు చోటు తగ్గుతుంది. క్వారీలో పనిచేసే కూలీ తన ఊరివాడే కానీ, దూరం నుంచి వలసవచ్చినవాడే కానీ, క్వారీ మూస్తే అతడి పొయ్యి ఆరుతుంది. ఈ వైరుధ్యాలను దాచిపెట్టి ‘ప్రజలంతా ఒక్కటై’ అని రాసే కథలు మనకు చాలానే వచ్చాయి. అవి ఉద్యమానికి మేలు చేయవు. కథకుడు చూడవలసింది ఆ క్వారీ కూలీ ఇంట్లో జరిగే తగాదాను. తండ్రి కుంటకింద రెండు గుంటల పొలం చేసుకుంటుంటే, కొడుకు ఆ కుంటను పూడ్చే క్వారీలో డ్రిల్లు పట్టుకుంటాడు.

న్యాయస్థానాలు ఈ ఉమ్మడి హక్కును ఆలస్యంగానైనా గుర్తించాయి. 2011 జనవరిలో సుప్రీంకోర్టు, పంజాబులోని ఒక ఊరి చెరువు కేసులో, గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. 2012 ఫిబ్రవరిలో, హర్యానా కేసులో, 5 హెక్టార్లలోపు చిన్న ఖనిజాల లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలన్నది. అంతవరకు ఎంత విస్తీర్ణమైనా ముక్కలుగా కోసి అనుమతి తప్పించుకునే వీలుండేది.

అనుమతి అడ్డమైనప్పుడు పేరు మార్చడం సులువు. మానేరు ఇసుక కథ అదే. ఇసుక అంటే ఖనిజం, ఖనిజమంటే అనుమతి. కాబట్టి దానిని ‘పూడిక’ అన్నారు. పూడిక తీయడం చెరువుకు మంచిదని పల్లెలో ప్రతివాడికీ తెలుసు. ఆ మంచి మాటను తెచ్చి వాగుకు తొడిగారు. వాగులో ఇసుక పూడిక కాదు. వానాకాలపు నీటిని దాచి ఎండాకాలం దాకా రెండు ఒడ్ల బావులకూ ఊటగా ఇచ్చేది ఆ ఇసుకే. దానిని తీస్తే చెలిమె ఎండుతుంది, బావి ఎండుతుంది, బోరు ఇంకా లోతుకు పోతుంది. స్థానికులు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. పూడికతీత పేరుతో అనుమతి లేకుండా ఇసుక తీయడం చెల్లదని అక్కడ వాదించి నెగ్గారు. ఒక మాటకు అర్థమేమిటన్నది ఆ వివాదానికి మూలం. నిఘంటువు తెలిసినవాళ్ళం మనం, ఆ వ్యాజ్యం గురించి మన పత్రికల్లో ఎన్ని పేజీలు కేటాయించాం?

కోర్టుకు పోయే దారి అందరికీ ఒకటి కాదు. 2017 జూలైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్ళ ప్రాంతంలో ఇసుక లారీ కిందపడి ఒక మనిషి చనిపోతే జనం లారీలకు నిప్పుపెట్టారు. అరెస్టయినవాళ్ళను చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ రాష్ట్రమంతటా చర్చయింది. చర్చ పోలీసుల చుట్టూ తిరిగింది, తిరగవలసిందే. కాని అన్ని లారీల ఇసుక ఎక్కడిదన్న ప్రశ్న వెనక్కిపోయింది.

జగిత్యాల ఊరేగింపు జరిగిన ఆ సంవత్సరాల్లోనే కేరళలో సైలెంట్ వ్యాలీ ఆనకట్టను కవులు ఎదిరించారు. సుగతకుమారి వంటివారు అడవి కోసం కవిత్వం రాయడంతో ఆగక సభలు పెట్టారు. 1983లో ఆ పథకం ఆగింది, 1984లో ఆ అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. మనదగ్గర అప్పుడు విమర్శకులు ప్రకృతి కవిత్వాన్ని పలాయనమని కొట్టివేసే పనిలో ఉన్నారు. భావకవుల పూలతోటల విషయంలో ఆ విమర్శ న్యాయమైనదే. పొరపాటు ఎక్కడంటే, ఆ తోటతో పాటు బంచరాయినీ కొట్టివేశారు. ప్రకృతి వర్ణనావస్తువు మాత్రమే అన్న భావకవి నమ్మకాన్నే వాళ్ళు తలకిందులుగా ఒప్పుకున్నారు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలమీద తెలుగు రచయితలు గట్టిగా కదిలారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నల్లమలకు కదిలిన కలం ఇంటిపక్క గుట్టకు కదలడం కష్టమెందుకో ఆలోచించాలి. నల్లమల దూరంగా, పచ్చగా, పులులతో అందంగా ఉంటుంది. బొమ్మలగుట్ట పక్కన ఉండేది ఎర్రటి దుమ్ము. పైగా క్వారీ యజమాని మన సభలకు విరాళమిచ్చే పెద్దమనిషి కావచ్చు.

ఇప్పుడు జనం మాట్లాడే చోటే తరిగిపోతోంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద పెద్ద పరిశ్రమ పెట్టేముందు ఊళ్ళో బహిరంగ విచారణ జరపాలి. అందులో లోపాలెన్ని ఉన్నా, పల్లెటూరి మనిషి మైకు పట్టుకొని అధికారి ముందు తన మాట రాయించుకునే చోటు అది. 2021 జూన్‌లో కేంద్రం పెట్రోలులో కలిపే ఇథనాలు తయారీ కేంద్రాలకు ఆ విచారణ అక్కరలేకుండా సడలింపు ఇచ్చింది. 2023లో జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో ఇథనాలు ఫ్యాక్టరీ మాట వచ్చినప్పుడు స్తంభంపల్లి, పాశిగామ జనం నీళ్ళు చెడుతాయని, గాలి చెడుతుందని ఆందోళనకు దిగారు. 2024 నవంబరులో గోదావరికి ఆవలి ఒడ్డున నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జాతీయ రహదారిమీద బైఠాయించారు, ఆర్డీవోను కదలనివ్వలేదు. ఆడవాళ్ళు పిల్లలతో సహా వచ్చారు. అలా జరగవలసిన విచారణ రోడ్డుమీద జరిగింది. మరునాడు ఫ్యాక్టరీ పనులు ఆపమని కలెక్టరు ఆదేశం వచ్చింది.