కోలారు గనులలో చిత్తూరువారి ఊపిరి

కుప్పము, పలమనేరు సీమలనుండి జీవనోపాధికై కోలారు బంగారు గనులకు పోయి, 1880లో జాన్ టెయిలర్ కంపెనీ చేపట్టిన ఆ పాతాళమున రాతిని తొలుచుచు, డ్రిల్లు మొననుండి లేచెడి సన్నని ధూళిని యేండ్లకొలది పీల్చిన తెలుగువారెందరో ఆయాసముతో ఇల్లు చేరిరి. ప్రమాదమనగా బండ విరిగిపడుటయే యని యెంచిన కాలమది. 1940-46 నడుమ ఆ గనులలో జరిగిన పరీక్షలలో 7,653 మందికిగాను 3,402 మందికి రాతిధూళివలన కలిగెడి ఊపిరితిత్తుల వ్యాధియగు సిలికోసిస్ తేలినది; అసలు మలుపు ఇదియేయని నా నిశ్చయము. పనివాని అజాగ్రత్తనే వెదకెడి చూపు పని జరుగు తీరుపైకి మరలక తప్పలేదు. రంధ్రము వేయునపుడే డ్రిల్లు గుండ నీరు పంపి ధూళిని బురదగా మార్చుట, లోతులకు గాలిని త్రోలుట, ఛాతీకి ఎక్స్‌రే తీయుట ఈ వ్యాధిని అరికట్టు మార్గములలో ముఖ్యమైనవి. 1952 నాటి గనుల చట్టము వృత్తివ్యాధులను ప్రభుత్వమునకు తెలుపుట విధిగావించినది. కోలారుతోపాటు చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట బంగారు గనియు 2001లో మూతపడినది. సిలికోసిస్ మాత్రము, పని మానినను, ఊపిరితిత్తులలో ముదురుచునే యుండును.