తొలి సరుకుల చిట్టా: విద్యానగర్ నుంచి ఏషియన్ స్టోరు దాకా

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం విద్యానగర్‌కూ తార్నాకకూ నడుమ విస్తరించి ఉంది. 1918లో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయానికి 1929లో ఇంజినీరింగు కళాశాల, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం సమకూరాయి. అదే 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించే చిన్న విభాగంగా మొదలైన పోషకాహార పరిశోధనాలయం 1958లో ఈ ప్రాంగణం పక్కకే, తార్నాకకు, తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో కొనసాగుతోంది. తెలుగు యువతను విదేశాలకు పంపిన కళాశాలలూ, ఈ దేశ ప్రజల తిండిని కొలిచి తూచి పట్టికలుగా రాసిన సంస్థా పక్కపక్కనే ఉన్నందువల్ల, పరదేశంలో తెలుగు విద్యార్థి తొలిసారి కొనుక్కునే సరుకుల చరిత్రను ఇక్కడి నుంచి మొదలుపెట్టడం సబబే. ఆ చిట్టా పైకి ఒక మనిషి రుచులను మాత్రమే తెలిపేదిగా కనిపించినా, అందులోని సరుకులను నిర్ణయించినవి ప్రధానంగా మూడు: మనుషుల రాకను అదుపు చేసే వలస చట్టాలు, మొక్కలతో పాటు తెగుళ్లు రాకుండా ఆపే సస్య నిర్బంధ నిబంధనలు, తెలుగువారి కంటె ముందే అక్కడ స్థిరపడిన ఇతర జాతుల వర్తకులు పెట్టిన కొట్లు.

ఇతరుల కొట్టులో తెలుగువారి వంట సరుకు వెతుక్కోవడం అమెరికాతో మొదలైన సంగతి కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవుకు చేరిన ట్రూరో అనే ఓడలో చెరకు తోటల పనికి ఒప్పందంపై వెళ్లిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. ఒప్పందపు కూలీలకు సరుకు ఎంచుకునే వీలు లేదు. బియ్యం, పప్పు, ఉప్పు, ఎండు చేప వంటివి యజమాని కొలిచి ఇచ్చే బత్తెంగా వచ్చేవి. 1870ల నుంచి సొంత ఖర్చులతో ఓడ ఎక్కి వచ్చిన గుజరాతీ వర్తకులు అక్కడ కొట్లు తెరిచిన తరువాతనే, ఒప్పందం ముగిసిన కూలీలకు డబ్బు పెట్టి తమకు కావలసినది అడిగి తీసుకునే అవకాశం కలిగింది. తినేవాడు తెలుగువాడు, అమ్మేవాడు మరొకడు అన్న ఈ పొందిక దాదాపు నూరేళ్ల తరువాత అమెరికాలోనూ పునరావృతమైంది.

అమెరికాలో 1917 నాటి వలస చట్టం ఆసియాలో ఎక్కువ భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించి భారతీయుల రాకను దాదాపు ఆపివేసింది. 1946 నాటి లూస్–సెల్లర్ చట్టం ఏటా 100 మంది భారతీయులను మాత్రమే అనుమతించింది. ఇంత కొద్దిమంది కోసం కందిపప్పు దిగుమతి చేసుకునే వర్తకుడు ఉండడు గనుక, 1944లో న్యూయార్కులోని లెక్సింగ్టన్ అవెన్యూలో ఒక ఆర్మేనియన్ వర్తకుడు ప్రధానంగా పశ్చిమాసియా సరుకుల కోసం తెరిచిన కలుస్తియాన్ దుకాణమే ఆ నగరంలో భారతీయులకు మసాలా దినుసులు దొరికే చోట్లలో ముఖ్యమైనదైంది. 1965 అక్టోబరు 3న ఆమోదం పొందిన వలస చట్టం జాతుల వారీ వాటాలను రద్దు చేసి, వృత్తి నైపుణ్యం ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చిన తరువాత వైద్యులూ ఇంజినీర్లూ పెద్ద సంఖ్యలో వెళ్లారు. కొట్లు వారి వెనుకనే వచ్చాయి: 1970లో న్యూయార్కులో హౌస్ ఆఫ్ స్పైసెస్, 1974లో షికాగోలోని డెవాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్, 1977లో న్యూజెర్సీలో డీప్ ఫుడ్స్ మొదలయ్యాయి. న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరిగింది కూడా 1977లోనే. సభ తెలుగువారిదైనా, భోజనానికి కావలసిన పప్పుదినుసుల వ్యాపారం ఎక్కువగా గుజరాతీల చేతిలోనే ఉండేది. ఆ అంగళ్లలో శనగపిండి, పోహా, అప్పడాలు సమృద్ధిగా ఉండి, గోంగూర, దోసకాయ వంటివి అరుదుగా ఉండటానికి కారణం ఇదే.

ఆ లోటును కొంత పూడ్చినది ఏషియన్ స్టోరు. అమెరికా వాడుకలో ఈ మాటకు చైనా, కొరియా, వియత్నాం, థాయిలాండ్, ఫిలిప్పీన్స్ దేశాల సరుకులు అమ్మే కొట్టు అని అర్థం. భారతీయ సరుకుల కొట్టును ఇండియన్ స్టోరు అని వేరుగా చెబుతారు. చైనా కూలీల రాకను నిషేధించిన 1882 నాటి చట్టం 1943లో రద్దయ్యే దాకా ఈ కొట్లు ఎక్కువగా నగరాలలోని చైనా పేటలకే పరిమితమయ్యాయి. 1975 తరువాత వియత్నాం, లావోస్, కంబోడియాల నుంచి శరణార్థులు రావడంతో ఉష్ణమండలపు కూరగాయలకు కొత్త గిరాకీ పుట్టింది. 1982లో న్యూయార్కులో హెచ్ మార్ట్, 1984లో కాలిఫోర్నియాలో 99 రాంచ్ మార్కెట్ మొదలై, క్రమంగా పెద్ద గొలుసు దుకాణాలుగా ఎదిగాయి. ఇండియన్ స్టోరు లేని విశ్వవిద్యాలయ పట్టణాలలో తెలుగు విద్యార్థికి కూరగాయల విషయంలో ఇవే దిక్కయ్యాయి.

ఇండియన్ స్టోరు మొదట ఎండు సరుకుల మీద నిలిచిన వ్యాపారం. ఏషియన్ స్టోరు బలం పచ్చి సరుకులో ఉంది. తెలుగు నేలకూ ఆగ్నేయాసియాకూ వాతావరణంలో పోలిక ఉన్నందువల్ల పండే కాయలూ ఆకులూ చాలావరకు ఒకే జాతివి. ఫిలిప్పీన్స్ వారు ఉపో అని అమ్మేది సొరకాయ, అలుగ్బాటి అని అమ్మేది బచ్చలి, మలుంగ్గాయ్ అని అమ్మేది మునగాకు. చైనావారి పొడవు చిక్కుళ్లు బొబ్బర్ల కుటుంబానివి. మధ్యలో ఎర్రని మచ్చ ఉండే వారి ఆకుకూర తోటకూరలో ఒక రకం. బీరకాయ అక్కడ రెండు రకాలుగా ఉంటుంది. గట్లు తేలిన రకం పచ్చడికీ కూరకూ మనవారికి అలవాటైనది, నున్నని రకం మన నేతిబీరే. చైనా కాకరకాయ లేత రంగులో, మొద్దు గట్లతో, చేదు కొంత తక్కువగా ఉంటుంది గనుక పులుసుకు పనికివచ్చినా, వేపుడులో మన కాకరకాయ రుచి పూర్తిగా రాదు. చేమదుంప, పచ్చి అరటికాయ, అరటిపువ్వు, పచ్చి మామిడి, గడ్డకట్టించిన కొబ్బరి కోరు కూడా ఈ కొట్లలో దొరుకుతాయి. థాయిలాండు చింతపండు గింజ తీసిన దిమ్మలుగా వస్తుంది; అయితే కాయలుగా పెట్టెలలో అమ్మే తియ్యని చింతపండు నోట వేసుకుని తినడానికే గాని చారుకు కొరగాదని కొత్తవారు తెలుసుకోవాలి.

గోంగూర విషయం కొంత భిన్నమైనది. ఈ ఆకు తెలుగువారి సొత్తుగా పేరుపొందినా, బర్మా వంటలో దీని స్థానం అంతే పెద్దది. అక్కడ దీన్ని చిన్ బౌంగ్ అంటారు, వెదురు మొలకలతోనూ రొయ్యలతోనూ కలిపి వండుతారు. అందుచేత బర్మా కాందిశీకులు స్థిరపడిన అమెరికా పట్టణాలలో వారి కొట్లలోనూ, వేసవి అంగళ్లలోనూ తెలుగువారు గోంగూర కొనుక్కోగలుగుతున్నారు. పసుపు రంగు దోసకాయ మాత్రం తూర్పు ఆసియా వంటలలో లేనందువల్ల ఈ కొట్లలో సాధారణంగా కనిపించదు, తెలుగువారి పెరటి తోటలలోనే ఎక్కువగా పండుతుంది.

ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందన్నది గిరాకీని బట్టే తేలదు. కొన్నిటి విషయంలో చట్టమే అడ్డు నిలిచింది. కరివేపాకు అందుకు స్పష్టమైన ఉదాహరణ. నిమ్మ, నారింజ చెట్లను చంపే పచ్చతెగులును ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు చేరవేసే చిన్న పురుగు ఒకటి ఉంది. కరివేప చెట్టు నిమ్మజాతి కుటుంబానికి చెందినది గనుక ఆ పురుగు దానిమీద కూడా బతుకుతుంది. ఈ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది, 2005లో అక్కడ తెగులు బయటపడింది, 2012లో కాలిఫోర్నియాలోనూ తేలింది. పచ్చి కరివేపాకును ప్రయాణికుల పెట్టెలలో తీసుకువెళ్లడాన్ని అమెరికా వ్యవసాయ శాఖ నిషేధించడానికి కారణం ఇదే. విద్యానగర్ ఇళ్లలో పెరట్లో కోసుకునే రెమ్మ అక్కడ చిన్న ప్యాకెట్టుకు డాలర్ల ధర పలకడం వ్యాపారుల అత్యాశ ఒక్కదానివల్లనే కాదు. దేశం లోపలే, నిర్బంధ నిబంధనలకు లోబడి, పండించవలసి రావడం అందులో పెద్ద కారణం. భారతీయ మామిడిపండుకు కూడా 1989 నుంచి తలుపు మూసుకుని, పండ్లలోని పురుగులను నిర్వీర్యం చేసే వికిరణ పద్ధతికి అంగీకారం కుదిరిన తరువాత 2007 ఏప్రిల్‌లో గాని తెరుచుకోలేదు.

చేపల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమేను నీటి బయట కూడా కొంతసేపు ఊపిరి తీసుకోగల చేప. ఒకప్పుడు అమెరికాలోని ఏషియన్ స్టోర్లలో దీని జాతివాటిని తొట్లలో బతికి ఉండగానే అమ్మేవారు. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక చెరువులో ఈ జాతి చేపలు పిల్లలు పెడుతున్నట్టు బయటపడడంతో, స్థానిక చేపలను తినివేస్తాయన్న భయంతో, అదే సంవత్సరం ఆ కుటుంబపు చేపలను బతికి ఉండగా దిగుమతి చేయడాన్ని ప్రభుత్వం నిషేధించింది. గల్ఫ్ దేశాలకు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ శ్రామికులకు గసగసాల విషయంలో ఇంతకంటె తీవ్రమైన నిబంధన ఎదురవుతుంది. మాంసం కూరలో చిక్కదనం కోసం వేసే ఈ గింజలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి గనుక, అక్కడ కొట్టులో అడగడానికీ లేదు, పెట్టెలో తీసుకువెళ్లడానికీ లేదు.

ఎండు సరుకుల చరిత్ర భారత ప్రభుత్వపు ఎగుమతి విధానంతో ముడిపడి ఉంది. దేశంలో ధరలు పెరగకుండా 2006లో పప్పుధాన్యాల ఎగుమతిని నిషేధించిన ప్రభుత్వం కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పుల మీద ఆ నిషేధాన్ని 2017 దాకా ఎత్తివేయలేదు. ఆ పదకొండేళ్లలో అమెరికా ఇండియన్ స్టోర్లకు తూర్పు ఆఫ్రికా, బర్మా వంటి చోట్ల పండిన పప్పే ప్రధాన ఆధారమైంది. పురుగు పట్టకుండా నూనె పట్టించిన కందిపప్పును ఆయిలీ అనే పేరుతో విడిగా అమ్ముతారు. దానిని వేడినీటితో కడిగి వండుకోవాలి. ఇంగువ కూడా నూటికి నూరు పాళ్లు ఇంగువ కాదు. అఫ్గానిస్తాన్, ఇరాన్ కొండలలో పెరిగే మొక్క వేరు నుంచి కారే పాలను ఎండబెట్టి, గోధుమపిండీ తుమ్మజిగురూ కలిపి డబ్బాలో నింపుతారు. పచ్చళ్లలో 1980లో మొదలైన ప్రియా వంటి సంస్థలు ఆంధ్ర ఆవకాయనూ గోంగూరనూ సీసాలకెక్కించి విదేశాలకు పంపడంతో, అంతదాకా ప్రయాణికుల పెట్టెలలో మాత్రమే సాగిన రుచి అరలకు చేరింది.

చిట్టాలో అతి ముఖ్యమైనది బియ్యం. తొలి తరం విద్యార్థులు థాయిలాండు జాస్మిన్ బియ్యంతోనో, టెక్సస్ పొడుగు గింజ బియ్యంతోనో సరిపెట్టుకున్నారు. 1990 నాటి చట్టంతో హెచ్–1బి వీసా వచ్చి, కంప్యూటర్ ఉద్యోగాలకు తెలుగువారు వేల సంఖ్యలో వెళ్లిన తరువాత సోనా మసూరి మూటలు దుకాణాల ముంగిట పేరుకోసాగాయి. అమెరికా జనగణన సంస్థ సర్వేల లెక్కన 2010 నుంచి 2017 వరకు ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరినవారిలో తెలుగువారు చాలామంది. చాలా కొట్లు ఇంటికి ఒక్క మూటే అని కట్టడి పెట్టాయి. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న గాని తొలగలేదు.

ఇంత గట్టిగా తెలుగు ముద్ర పడిన ఈ బియ్యం వంశవృక్షం మాత్రం ఆసియా అంతటా పాకింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనికతో కటకంలోని వరి పరిశోధన సంస్థలో భారతీయ, జపనీయ వరి జాతులను సంకరం చేశారు. ఆ పనిలో తైవానులో రూపొందిన తైచుంగ్ 65, మలేషియా వరి రకం మాయాంగ్ ఎబోస్ 80ల కలయికకు పుట్టిన మసూరి 1965లో మలేషియాలో విడుదలై, అటునుంచి భారతదేశానికి చేరింది. సోనా మసూరి అందులోంచి వచ్చిన రకం. ఆంధ్ర, తెలంగాణలలో ఇప్పటికీ ఎక్కువగా తినే సాంబా మసూరి, అంటే 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం విడుదల చేసిన బీపీటీ 5204, కోయంబత్తూరులో రూపొందిన జీఈబీ 24, తైవానుకు చెందిన తైచుంగ్ నేటివ్ 1, మసూరిల సంతానం. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనాను తార్నాక పోషకాహార సంస్థలో పరీక్షించగా రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే గుణం ఉన్నట్టు తేలింది. మధుమేహ రోగులకు దీనినే సిఫారసు చేయడం మొదలైంది.

ఈ చరిత్ర నుంచి ఏషియన్ స్టోరుకు తొలిసారి వెళ్లేవారికి కొంత క్రమం ఏర్పడుతుంది. సొర, బీర, కాకర, బచ్చలి, తోటకూర, చేమదుంప, కొబ్బరి, చింతపండు దిమ్మ, చేపలు ఆ కొట్టులోనే కొనదగినవి. కందిపప్పు, ఇంగువ, సోనా మసూరి ఇండియన్ స్టోరులో తీసుకోవలసినవి. కారప్పొడులు, సీలు వేసిన పచ్చళ్లు ఇంటినుంచి తీసుకువెళ్లదగినవి. పచ్చి కరివేపాకు, విత్తనాలు, మాంసం పెట్టెలో పెట్టకూడనివి. ఇందులో మన సరుకు, పరాయి సరుకు అన్న విభజన దుకాణపు పేర్లకు సంబంధించినదే గాని పంటలకు సంబంధించినది కాదు. తెలుగువారి నిత్య భోజనంలోని గింజ తైవాను, మలేషియా, కటకం, బాపట్లల నడుమ తయారైనది గనుక, తెలుగువాడు ఏషియన్ స్టోరులో అడుగుపెట్టడం అపరిచితమైన వంటింటికి వెళ్లడం కాదు, తన పంటల బంధువర్గం ఉన్న చోటికే వెళ్లడం.