మొక్కు చెల్లించే వీధి: ఉత్తరాంధ్రలో విశ్వాస ప్రకటన, పౌర జీవనం

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల గ్రామదేవతల గురించి వందేళ్లుగా వస్తున్న రచనల్లో అధిక భాగం ఒకే పుస్తకం నీడన నడుస్తోంది. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో వెలువరించిన ‘ద విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా’ ఆ పుస్తకం. గ్రామదేవతలకు లోకవ్యవహారంతో సంబంధం లేదనీ, ఊరి పొలిమేర, కలరా, మశూచి, పశువుల జబ్బు – ఇంతవరకే వారి పరిధి అనీ ఆయన నిర్ణయించాడు. ఈ పూజకు మూలం భయమనీ, ఇందులో కృతజ్ఞతకు చోటు లేదనీ కూడా తేల్చాడు. ఆయన తర్వాత వచ్చినవారు మాటలు మార్చారు గానీ తీర్పు మార్చలేదు. ‘భయభక్తులు’, ‘ఆదిమ విశ్వాసం’, ‘జానపద అవశేషం’ అనే పేర్లతో ఆ తీర్పే మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాల్లో తిరిగి తిరిగి కనిపిస్తుంది. మతవిశ్వాసాన్ని నలుగురిలో ప్రకటించుకోవడం పౌర జీవనంలో ఏ స్థానం ఆక్రమిస్తుందన్న ప్రశ్న దేశమంతా వినిపిస్తున్న ఈ రోజుల్లో, ఆ ప్రశ్నకు ఎంతో సూక్ష్మమైన జవాబును ఆచరణలో ఇస్తున్న ఒక ప్రాంతాన్ని ఇలా పక్కన పెట్టడం అన్యాయం. వైట్‌హెడ్‌కు కనిపించనిది ఏమిటో విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఆధారంగా చూపించడం ఈ వ్యాసం పని.

అమ్మవారి పుట్టుక దగ్గరే వైట్‌హెడ్ సూత్రం తెగిపోతుంది. దేవతల పుట్టుక కథలు కొన్ని ఆయనే సేకరించాడు, కానీ వాటిని చరిత్రగా చదవలేదు. స్థానిక కథనంలో పైడితల్లి విజయనగరం పాలకుడు పూసపాటి పెద విజయరామరాజు చెల్లెలు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయరామరాజు బొబ్బిలి కోటను నేలమట్టం చేశాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో గుడారంలోనే హతమయ్యాడు. యుద్ధం వద్దని అన్నకు చెప్పిన చెల్లెలు, ఆ వార్త విని పెద్దచెరువులో కలిసిపోయిందనీ, పతివాడ అప్పలనాయుడు అనే ఆయనకు కలలో కనిపించి తన విగ్రహం జాడ చెప్పిందనీ ఊరు చెప్పుకుంటుంది. ఈ కథలో మశూచి ఉంది, నిజమే. అయితే ఇక్కడ మశూచి దేవి ఆగ్రహంగా రాలేదు, ఆ పిల్లనే పట్టిన జబ్బుగా వచ్చింది. కథకు కీలకం జబ్బు కానే కాదు. యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, ఆ యుద్ధంలో తలపడుతున్న రాజ్యాల్లో ఒకటైన ఫ్రాన్స్ సైన్యం కళింగాంధ్ర నేల మీద రెండు తెలుగు సంస్థానాల పగలోకి దిగింది. ఆ దుర్మార్గానికి జవాబుగా ఒక ఆడపిల్ల దేవత అయింది. లోకవ్యవహారంతో ఇంతకన్నా గట్టిగా ముడిపడ్డ దేవత ఎక్కడుంటుంది? గెలిచిన పక్షం ఊళ్లోనే, గెలుపును కాదన్న గొంతును ఊరు తన ఇలవేల్పుగా చేసుకుంది. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం ఆ గొంతునే ఊరేగిస్తుంది.

వైట్‌హెడ్ పొరపాటుకు మూలం ‘ప్రకటన’ అన్న మాటను ఆయన అర్థం చేసుకున్న తీరులో ఉంది. ఆంగ్లికన్ మతాధికారికి విశ్వాస ప్రకటన అంటే నోటితో పలికే విశ్వాస ప్రమాణం. నేను దీన్ని నమ్ముతున్నాను అని సభలో నిలబడి చెప్పడం. అలాంటి వాక్యం గ్రామదేవత గుడిలో ఎవరూ పలకరు. పలకరు కాబట్టి అక్కడ భయం తప్ప మరేమీ లేదని ఆయన అనుకున్నాడు. కానీ తెలుగులో విశ్వాసానికి పట్టుకొమ్మ అయిన క్రియ ‘నమ్ము’ ఒక్కటే కాదు. అంతకన్నా బలమైన క్రియ ‘చెల్లించు’. మొక్కు చెల్లిస్తాం. అప్పు చెల్లిస్తాం. శిస్తు చెల్లిస్తాం, పన్ను చెల్లిస్తాం, ఇచ్చిన మాట చెల్లిస్తాం. దేవుడితో కుదిరిన ఒప్పందానికీ, సర్కారుతోనూ ఇరుగుపొరుగుతోనూ ఉన్న బాకీలకూ భాష ఒకే క్రియను వాడుతోంది. దీన్ని యాదృచ్ఛికం అనుకోలేం. మొక్కు మొక్కుకోవడం మనసులో జరగవచ్చు, ఇంట్లో పసుపుగుడ్డలో రూపాయి కట్టి పెట్టడంతో సరిపోవచ్చు. తీర్చడం మాత్రం నలుగురిలోనే జరగాలి. ఘటం నెత్తిన పెట్టుకుని వీధి వెంట నడవాలి, పసుపునీళ్ల ముర్రాట పొయ్యాలి, అరటిపండు సిరిమాను మీదికి విసరాలి. ఇది కృతజ్ఞత. భయం ముందు పుడుతుంది. మొక్కు చెల్లించేది పని జరిగిన తర్వాత. పని అయిపోయాక కూడా బాకీ గుర్తుపెట్టుకుని వీధిలోకి వచ్చే మనిషిని భయస్థుడని ఎలా అంటాం? పైగా ఈ ప్రాంతంలో జాతరను ‘సంబరం’ అంటారు. సంతోషమనే అర్థమున్న మాట ఇక్కడ ఉత్సవానికే పేరయింది. బిషప్‌గారి చెవికి ఈ ఒక్క మాట అందకుండా జారిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఊరేగింపు వరుస చూడాలి. సోమవారం రాత్రి తొలేళ్లు. అమ్మవారి సన్నిధిలో ఉంచిన విత్తనాలను ఆ రాత్రి రైతులకు పంచుతారు, వాళ్లు వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటారు. మంగళవారం మధ్యాహ్నం మూడులాంతర్ల కూడలి దగ్గరి అమ్మవారి చదురుగుడి నుంచి సిరిమాను కదులుతుంది. దాని ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం. చెరువులోంచి విగ్రహం తీయడంలో సాయపడ్డ జాలరుల వంతుగా ఆ వల నడుస్తుంది. అంజలి రథం మీద స్త్రీ వేషం వేసిన మగవాళ్లు అక్షతలు చల్లుతారు. ఆ వెనక సిరిమాను, అంటే సుమారు అరవై అడుగుల చింతమాను; దాని కొసన కట్టిన పీటలో పూజారి. ఏ ఊరి ఏ తోటలో ఆ చెట్టు ఉందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం; అందువల్ల మాను ఏటా ఏదో ఒక రైతు పొలం నుంచి కదిలివస్తుంది. దీన్ని అలంకారంగా చదివేవారు పొరబడుతున్నారు. ఇది ఊరి హాజరుపట్టీ. ఎవరు ఈ పట్టణానికి ఏమిచ్చారో, ఎవరికి ఈ పట్టణం ఏం బాకీ ఉందో ఏటా వీధిలో చదివి వినిపించే పద్ధతి. శాసనం రాయించుకునే స్తోమత రాజులకుంటుంది. వల పట్టేవాడికీ, పొలంలో చెట్టు ఇచ్చినవాడికీ ఊరేగింపే శాసనం. మక్కువ దగ్గర శంబర పోలమాంబ జాతరలోనూ సిరిమాను ఉంది, అక్కడ కోట లేదు, సంస్థానం లేదు; అయినా అదే మాను, అదే ఆసనం. కాబట్టి ఈ రూపం రాజులు పెట్టింది కాదు, జనం పెట్టుకున్నది అనడానికి సందేహించనక్కర్లేదు.

రాజు స్థానం ఏమిటన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. సిరిమాను చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. పూసపాటి వంశీకులు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. చూడడమే వారి విధి. పతివాడ వారి పరంపరలో వచ్చిన బ్రాహ్మణేతర పూజారి అమ్మవారి ప్రతిరూపంగా ఆకాశంలో కూర్చుంటాడు, పాలకుడు కింద సాక్షిగా ఉంటాడు. 1713లో కట్టడం మొదలైన ఆ కోట ముందు ఇంత స్పష్టంగా అధికార క్రమం తలకిందులయ్యే రోజు ఏడాదిలో మరొకటి లేదు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. రాజ్యం పోయినా బురుజు మీద ఆ కుర్చీ మిగిలిందంటే, ఆ కుర్చీ మొదటినుంచీ రాజ్యాధికారానిది కాదు, సాక్ష్యానిది. ఈనాడు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి. జిల్లా యంత్రాంగం రోడ్లు చూస్తుంది, పోలీసులు తాళ్లు పడతారు, అంత ఎత్తు మాను నడిచే దారిలో తీగల సంగతి విద్యుత్ సిబ్బంది చూసుకోవాలి. లౌకిక ప్రభుత్వం ఒక మతం గుడికి పట్టుబట్టలు మోయడం ఏమిటని అడిగేవారున్నారు. ఆ అభ్యంతరానికి బలం లేకపోలేదు. కానీ ఇక్కడ ప్రభుత్వం విశ్వాసాన్ని ప్రకటించడం లేదు, పట్టణం చెల్లిస్తున్న మొక్కుకు సాక్షిగా నిలబడుతోంది. సాక్షికీ భక్తుడికీ ఉన్న ఈ తేడాను మన లౌకికవాద చర్చ ఇంతవరకూ పట్టించుకోలేదు.

ఇది హిందువులకే చెల్లే మాట అనుకుంటే వాదం సగంలో ఆగిపోతుంది. వైట్‌హెడ్ సొంత మతస్థులే, ఇదే నేల మీద, ఆయన కొలతకు లొంగలేదు. కెనడియన్ బాప్టిస్టులు 19వ శతాబ్దం చివరి భాగంలో బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళం, టెక్కలి వంటి చోట్ల మిషన్లు నెలకొల్పారు. వారి సంప్రదాయంలో బాప్తిస్మం ముంచి ఇచ్చేది. ఏటిలోనో చెరువులోనో, అందరూ చూస్తుండగా. అంతకన్నా ముందే, 1803లో గంజాం ప్రాంతంలో పుట్టి 1833లో క్రైస్తవం స్వీకరించిన పురుషోత్తమ చౌదరి తన విశ్వాసాన్ని ప్రమాణ వాక్యాలుగా కాక కీర్తనలుగా ప్రకటించాడు. రాగతాళాల్లో, పదకవుల దారిలో. ఆ కీర్తనలు ఈనాటికీ తెలుగు చర్చిల్లో పాడుతున్నారు. అన్నిటికన్నా విలువైన ఆధారం తెలుగు క్రైస్తవుల రోజువారీ మాటలో ఉంది. వాళ్లు సంఘంలో లేచి ‘సాక్ష్యం చెబుతారు’. జబ్బు నయమైంది, పిల్లాడికి ఉద్యోగం వచ్చింది, దేవుడు నాకు ఈ మేలు చేశాడు అని నలుగురి ముందు చెప్పుకుంటారు. సిద్ధాంతం ఉచ్చరించడం కన్నా ముట్టిన మేలును ఒప్పుకోవడమే ఇక్కడ ప్రకటన. ఘటం నెత్తిన పెట్టుకున్న స్త్రీకీ, చర్చిలో లేచి నిలబడ్డ స్త్రీకీ మధ్య దేవుడి పేరు మారింది గానీ, చేసే పని మారలేదు. విజయనగరం బాబామెట్ట దర్గాలో ఖాదర్‌వలీ బాబా ఉరుసుకు వచ్చే హిందువులు కూడా మొక్కు చెల్లించడానికే వస్తారు. వాళ్ల మతమేమిటో ఎవరూ అడగరు.

అడిగే చోటు ఒకటుంది. తిరుమలలో అన్యమతస్థులు దర్శనానికి ముందు స్వామి మీద విశ్వాసముందని డిక్లరేషన్ రాసివ్వాలన్న నియమం ఉంది. రాష్ట్రపతిగా ఉన్నప్పుడు అబ్దుల్ కలాం దాని మీద సంతకం చేశారు. 2024 సెప్టెంబరులో మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి తిరుమల పర్యటన చుట్టూ ఇదే విషయమై పెద్ద వివాదం రేగి, ఆ పర్యటన ఆగిపోయింది. తిరుమల నియమాన్ని విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ క్షేత్రానికి ఆ హక్కు ఉంది. చెప్పదలచినది వేరు. కాగితం మీద ప్రకటించే విశ్వాసం మనిషి ఎవరో అడుగుతుంది, వీధిలో చెల్లించే మొక్కు మనిషి ఏం బాకీ ఉన్నాడో అడుగుతుంది. మొదటిది గుమ్మం దగ్గర మనుషుల్ని వేరుచేస్తుంది, రెండోది వీధిలో కలుపుతుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రకటించుకునే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛలను ఇస్తూ ఆ మూడింటినీ విడివిడిగా పేర్కొంది. మన న్యాయచర్చ మూడోదాని చుట్టూ, అంటే మతమార్పిడి చుట్టూ తిరుగుతూ మొదటిదాన్ని దాదాపు వదిలేసింది. ప్రకటించుకోవడమనే ఆ మొదటి హక్కుకు సరైన భాష్యం కావాలంటే మూడులాంతర్ల కూడలికి రావాలి.

మాటల ప్రకటన ఎక్కడికి తీసుకెళుతుందో ఇదే విజయనగరం జిల్లాలో చూశాం. 2020 డిసెంబరు చివర్లో నెల్లిమర్ల మండలం రామతీర్థం బోధికొండ మీద కోదండరాముడి విగ్రహం శిరస్సును దుండగులు ఖండించారు. తర్వాత అది అక్కడి కొలనులో దొరికింది. బౌద్ధ, జైన అవశేషాలు కూడా ఉన్న ఆ కొండల ఊరికి అంతకు ముందెన్నడూ రాని గాయం అది. 2021 జనవరి 2న ప్రత్యర్థి పార్టీల నాయకులు ఒకే రోజు కొండకు వచ్చారు. ఎవరి భక్తి గట్టిదన్న పోటీ కొండ కింద నినాదాల్లో వినిపించింది. ఆ ఏడాది డిసెంబరులో కొత్త ఆలయానికి శంకుస్థాపన జరుగుతుంటే, అనువంశిక ధర్మకర్త అశోక్ గజపతిరాజు అభ్యంతరంతో శిలాఫలకం దగ్గరే రభస అయింది. 2022 ఏప్రిల్‌లో ఆలయం తెరుచుకుంది, అది మంచి పని. కానీ ఆ పదహారు నెలల్లో వినిపించిన విశ్వాస ప్రకటనల్లో ఎన్ని చెల్లింపులు, ఎన్ని ఉత్త మాటలు? రాముడికి ఎవరు ఏం బాకీ ఉన్నారో ఎవరూ చెప్పలేదు. ఎవరి పేరు రాయి మీద ఉండాలో మాత్రం అందరూ చెప్పారు. సిరిమాను ఊరేగింపులో ఎవరి పేరూ చెక్కరు, అయినా అందరి వంతూ కనిపిస్తుంది. పౌర జీవనంలో విశ్వాసం చోటును నిర్ణయించే గీటురాయి ఇక్కడే దొరుకుతుంది: ప్రకటన ప్రకటించినవాడినే కట్టిపడేస్తుందా, ఎదుటివాడిని వేలెత్తి చూపుతుందా?

కొన్ని అభ్యంతరాలు మిగిలాయి. సిరిమాను పాత సిడి ఉత్సవపు అవశేషమనీ, వీపున కొక్కెం గుచ్చుకుని వేలాడే ఆచారాన్ని తెల్లదొరలు మాన్పిస్తే ఆసనం వచ్చిందనీ ఒక వాదం ఉంది. మూలం ఏదైనా, నేటి అర్థాన్ని మూలం శాసించదు. కులానికో పని పంచే ఈ వరుస కులాన్నే నిలబెడుతుందన్న విమర్శ బరువైనది. అయితే వలకు చోటిచ్చిన ఊరేగింపుకు రేపు మరో చేతికి చోటివ్వగల శక్తి కూడా ఉంది.

ఎక్కువ ఆలోచించాల్సింది మరో అభ్యంతరం: నలుగురూ చూడడమే ప్రాణమైన ప్రకటన, చూసేవాళ్లు లేనప్పుడు ఏమవుతుంది? 2020 అక్టోబరు 27, మంగళవారం. కరోనా ఆంక్షల మధ్య, భక్తుల రాకను బాగా తగ్గించి సిరిమానోత్సవం జరిపారు. లక్షల మంది నిలిచే వీధి చాలావరకు ఖాళీ. అయినా చింతమాను వచ్చింది, పూజారి పీట ఎక్కాడు, చదురుగుడి నుంచి కోట దాకా అమ్మవారు నడిచింది. జనం ఇళ్లలో టీవీల ముందు కూర్చుని చూశారు. మొక్కు జనసమూహానిదైతే ఆ ఏడాది ఉత్సవాన్ని వాయిదా వేయవచ్చు. వేయలేదు. బాకీ ఊరిది, దాని గడువు 1757 నాటి చెరువు దగ్గర నిర్ణయమైంది. చూసే కళ్లు తగ్గిన ఆ ఏడాది కూడా ఊరు తన బాకీని ఆ వీధిలోనే, ఆ మంగళవారమే చెల్లించింది.