తుపాకి శోధనవిధి - దాని చరిత్రము

శుక్రనీతిసారమున నాళికాస్త్రమును గూర్చిన ప్రకరణ మొకటి కలదు. లఘునాళిక ఐదు జేనల పొడవు కలిగి, మొదటను చివరను గురిచూచుటకు నువ్వుగింజవంటి బిందువులతో నుండవలెనని అందు చెప్పబడినది. అగ్నిచూర్ణమునకు సువర్చిలవణ మైదు పలములు, గంధక మొక పలము, జిల్లేడు, జెముడు మొదలగువాని బొగ్గు ఒక పలము చొప్పున కలుపవలెనట. ఆ పిమ్మట ప్రయోగక్రమము వచ్చును. మొదట నాళమును శోధింపవలెను; తరువాత చూర్ణము పోసి దండముతో మూలమున గట్టిగా దట్టింపవలెను; గోళము నుంచవలెను; చెవియొద్ద చూర్ణము పెట్టి నిప్పంటింపవలెను.

ఈ గ్రంథమును 1882లో చెన్నపురియందు గుస్తావ్ ఆపర్టు ప్రకటించెను. అంతకు రెండేండ్లు పూర్వము వెలువరించిన మరియొక గ్రంథమున, ప్రాచీన భారతీయులకు తుపాకియు మందును తెలియునని ఆయన దీని యాధారముననే వాదించియుండెను. పిదప పెక్కురు పండితులు ఈ భాగము అర్వాచీనమనిరి. 1962లో లల్లన్‌జీ గోపాల్ గ్రంథమంతయు పందొమ్మిదవ శతాబ్దమునాటిదే యని ప్రతిపాదించెను. ఆ వివాదమును తీర్చుట ఇచట ప్రస్తుతము కాదు. ప్రయోగక్రమమున మొట్టమొదటి మాట శోధనమగుటయే ఇచట గమనింపదగినది. శుక్రనీతి శోధనమును ప్రయోగమునకు ముందు విధించుచున్నది. నేటి యాయుధశాలల విధులు ప్రధానముగా ప్రయోగము పిమ్మట విధించుచున్నవి. ఎప్పుడు శోధింపవలెను, ఎన్ని మారులు, దేనితో నను ప్రశ్నలకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క యుత్తరము చెప్పినది. ఈ భేదమునకు కారణము తుపాకిలో కాక మందులో నున్నది. కారణ మెరుగక విధిని మాత్రము పట్టుకొనినవారును, కారణము తొలగెనని తొందరపడి విధిని విడిచినవారును సమానముగా నష్టపడిరి. ఈ యంశమును చరిత్రముఖమున నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట నల్లమందు సంగతి. పెట్లుప్పు, గంధకము, బొగ్గు అను మూటి మిశ్రమము కాలినపుడు దాని బరువులో సగమునకు కొంచె మెక్కువ భాగము వాయువు కాక ఘనపదార్థముగా మిగులును. కొంత పొగయై పోయినను, తక్కినది గొట్టపు లోపలిగోడను అంటుకొనును. పొటాసియముయొక్క కర్బనితము, గంధకితము మొదలగు లవణములును మసియు చేరిన యీ మడ్డి గాలిలోని తేమను పీల్చుకొనును. ఉదయము ప్రేల్చిన తుపాకిని వర్షకాలమున కడుగక విడిచినచో మరునాటికే లోపల తుప్పు కనిపించును. అయితే ఈ మడ్డిలో ముఖ్యభాగము నీటిలో కరగునట్టిది. కావుననే పూర్వుల శోధనద్రవ్యము నీరు, అందును వేడినీరు. వేడిమిచే లవణములు త్వరగా కరగును. ఇనుము కాగి తడి తనంతట తానే ఆరిపోవును. పిదప నూనె రాయుట. కడుగుటకు నీరు, కాపాడుటకు నూనె అను నీ విభాగమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు కథ యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

మూతినుండి మందు దట్టించు తుపాకులలో శోధనము కేవలము తుప్పును వారించుటకే కాదు. మొదటి యేటు పిమ్మట గొట్టములో నిప్పురవ్వ మిగిలియున్నచో, రెండవమారు పోసిన మందు గజముతో దట్టించుచుండగనే అంటుకొని ప్రేల్చువాని చేతిని తీసివేయగలదు. మడ్డి పేరుకొనిన గొట్టములో గుండు నడుమనే చిక్కుకొని, మందునకును గుండునకును ఎడము మిగిలినచో గొట్టమే పగులవచ్చును. శుక్రనీతి శోధనమును ముందు పెట్టుట ఈ దృష్టితో చూచిన సహేతుకమే. దానిని వ్రాసినవా డెవ్వడైనను, ఏ కాలమువాడైనను, చేతితో తుపాకి పట్టినవారి యనుభవమును విని వ్రాసెనని తోచుచున్నది.

ఆంగ్లసైన్యపు పాత మస్కెట్టు గొట్టము అంగుళములో నూటికి 75 పాళ్ల వ్యాసము కలది. దాని గుండు సుమారు 69 పాళ్లు. ఇంత వదులుంచుటకు కారణము మడ్డియే. ఇరుకైన గుండును పెట్టినచో నాలుగైదు ప్రేల్పులకే గజము దిగదు. కాని వదులు గుండు గురితప్పును. గొట్టము లోపల మెలికగాడులు చెక్కిన రైఫిలులో గుండు గాడుల నొరసికొని పోవలెను. అందుచే దానిని బలవంతముగ దింపవలసివచ్చెను. మడ్డి హెచ్చినకొలది ఆ కష్టము హెచ్చెను. 1849లో మినియే అను ఫ్రెంచివాని పేర ప్రసిద్ధమైన గుండు ఈ చిక్కును విప్పెను. అది వదులుగా దిగి, మందు ప్రేలినపుడు అడుగు విచ్చుకొని గాడులను పట్టుకొనును. 1853నాటి ఎన్ఫీల్డు రైఫిలు ఈ సూత్రముపై నిర్మింపబడినదే. అయినను మడ్డిని మెత్తపరచుటకు కాగితపు తూటాయొక్క గుండున్న కొనకు కొవ్వు పూయవలసియే యుండెను. ఆ కొవ్వు గోవుదియో పందిదియో యను శంక 1857 జనవరిలో దందము కొట్టులో పుట్టి, బారక్పూరు, మీరటు పట్టణములకు ప్రాకి, ఆ సంవత్సరపు మహావిప్లవమునకు తక్షణకారణములలో నొకటి యయ్యెను. విప్లవమునకు వేరు కారణములు పెక్కులున్నవనుట నిర్వివాదము. కాని తూటాకు కొవ్వేల పూసిరని యడిగినచో, దానికి సమాధానములో పెద్దపాలు గొట్టములోని మడ్డియే.

రెండవ ఘట్టము పొగలేని మందు. 1884లో ఫ్రాన్సుదేశీయుడగు పాల్ వియేయి నత్రితమైన ప్రత్తినుండి దీనిని సాధించెను. 1886లో లెబెల్ రైఫిలు దీనితోనే వచ్చెను. ఇంగ్లండులో ఏబెల్, డ్యూయరు అనువారు 1889లో కార్డైటును సిద్ధపరచిరి. ఈ మందు కాలినపుడు దాదాపుగ అంతయు వాయువే. గంధకము లేదు, మడ్డి అత్యల్పము. దీనివలన మొదట కలిగిన విచిత్రము లీ-మెట్ఫర్డు రైఫిలునందు కనిపించును. 1888లో ఆంగ్లసైన్యము స్వీకరించిన ఈ తుపాకియొక్క గాడులను మెట్ఫర్డు లోతు తగ్గించి, అంచులు గుండ్రపరచి నిర్మించెను. నల్లమందు మడ్డి మూలలలో నిలువకుండుటకును, తుడుచుట సులభమగుటకును ఇట్లు చేసెను. తరువాత తూటాలో కార్డైటు చేరెను. మడ్డి పోయెను గాని, దాని తీవ్రమైన వేడిమికి ఆ లోతులేని గాడులు త్వరలోనే అరిగిపోయెను. 1895లో ఐదు లోతైన గాడులు గల ఎన్ఫీల్డు గొట్టము దాని స్థానమున వచ్చెను. నిన్నటి మలినమునకై చేసిన యేర్పాటు నేటి మందునకు లోపమైనది.

ఇంతకంటె గూఢమైన చిక్కు మరియొకటి బయలుదేరెను. మడ్డి లేదు గనుక నీరెందుకని పెక్కురు నీటిని మాని, నూనెగుడ్డతో తుడిచి తుపాకిని పెట్టసాగిరి. గొట్టము అద్దమువలె మెరయుచుండెను. రెండుమూడు దినములకు తీసి చూడగా నూనెపొర క్రిందనే తుప్పు పట్టియుండెను. మరల తుడిచిరి, మరల తుప్పు. క్రొత్తమందునుండి పుట్టిన ఆమ్లవాయువులు ఇనుములోనికి చొచ్చి, కొన్నాళ్లకు చెమటవలె బయటికి వచ్చుచున్నవని కొంద రూహించిరి. అందుచే వరుసగా మూడు నాలుగు దినములు తుడువవలెనను నియమ మేర్పడెను. నియమము కొంతవరకు ఫలించెను గాని, కారణము తప్పు.

నిజమైన కారణమును అమెరికా గనులశాఖయందు విల్బర్టు హఫ్ అను రసాయనజ్ఞుడు తన పరిశోధనచే తేల్చెను. దోషము మందులో లేదు. తూటా అడుగున మందు నంటించు చిన్న టోపీలో నున్నది. ఆ టోపీలలో పొటాసియము క్లోరేటు వాడుచుండిరి. అది ప్రేలినపుడు పొటాసియము క్లోరైడుగా మారి గొట్టమంతట సన్నని పొడిగా పడును. ఇది మన వంటయుప్పునకు దగ్గరి చుట్టము. గాలిలో తేమ హెచ్చినపుడు ఇది నీటిని లాగుకొని ఇనుమును తినును. ఉప్పు నూనెలో కరగదు. కావున నూనెగుడ్డ దానిని తీయజాలక, పైన పొర కప్పి దాచుచుండెను. నల్లమందు కాలమునను ఇట్టి లవణము కొంత పడుచునే యుండెను. కాని అప్పుడు మడ్డికొరకై పోసిన వేడినీరు, ఎవరి యెరుకయు లేకయే, ఈ యుప్పునుకూడ కడిగివేయుచుండెను. పూర్వవిధిని విడిచిన పిదపగాని దాని రెండవ ప్రయోజనము తెలిసిరాలేదు.

ఆంగ్లసైన్యము మాత్రము వేడినీటిని పూర్తిగా విడువలేదు. లీ-ఎన్ఫీల్డు రైఫిలును ప్రేల్చిన పిమ్మట గొట్టపు మొదట గరాటు పెట్టి మరగిన నీరు పోయుట, పిదప ఇత్తడిబరువు కట్టిన త్రాటితో గుడ్డపేలికను లాగుట, తడి యారిన తరువాత నూనె రాయుట అను క్రమ ముండెను. పేలిక నాలుగంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు. త్రాడును చిన్న నూనెసీసాను తుపాకిమడమలోని గూటియందే అమర్చిరి. పూర్వము తుపాకులకు రంగూను నూనె యని పేరొందిన బర్మాదేశపు భూతైలమును రాయుట విరివిగా నుండెను. త్రాటిని మొదటినుండి మూతివైపునకు తిన్నగా లాగవలెనని కఠినముగా శాసించిరి. ఏటవాలుగా లాగినచో త్రాడు మూతియంచును ఒకవైపు కోసి గురిని చెరచును. అతిశోధనమును ఆయుధమునకు హానియే యని దీనివలన తెలియుచున్నది.

1920ల దశకమున జర్మనీ, అమెరికా దేశములలో క్లోరేటు లేని టోపీలు అంగడికి వచ్చెను. అయినను నిలువలో నమ్మకమైనదని పెక్కు సైన్యములు పాతటోపీనే చిరకాలము వాడెను. అమెరికా సైన్యపు ముఖ్య రైఫిలు తూటాలలో అధికభాగము రెండవ ప్రపంచయుద్ధ పర్యంతము అట్టివే.

మూడవ ఘట్టము మిక్కిలి శోచనీయము. 1965 మొదలు వియత్నాము యుద్ధమున అమెరికా సేనలకు ఎమ్-16 అను క్రొత్త రైఫిలును విరివిగా నిచ్చిరి. దీనిని అంతగా శుభ్రపరుపనక్కరలేదను ప్రచారము వ్యాపించెను. తుడుచు సాధనములుగూడ చాలినన్ని యందలేదు. ఇంతలో తూటాలోని మందును మార్చిరి. క్రొత్తమందు ఎక్కువ మసిని మిగిల్చి, యంత్రమును అనుకొన్నదానికంటె వేగముగా నడిపెను. తూటా కూర్చుండు గదికి క్రోమియపు పూత లేదు. ఆ దేశపు తేమకు అందు తుప్పు పట్టెను. ప్రేలిన తూటాతొడుగు గదిలో బిగిసిపోగా, సైనికులు శత్రువు నెదుట కడ్డీని మూతినుండి దూర్చి దానిని పొడిచి తీయవలసివచ్చెను. పనిచేయని తుపాకితో పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. 1967లో అమెరికా ప్రతినిధిసభయొక్క ఉపసంఘము విచారించి, మందు మార్పును, శోధనశిక్షణ లోపమును తీవ్రముగా గర్హించెను. పిదప గదికి క్రోమియపు పూత పూసిరి, సాధనములు పంపిరి, విల్ ఐస్నరు అను చిత్రకారునిచే బొమ్మల పొత్తము వ్రాయించి సైనికులకు పంచిరి.

ఈ చరిత్రమునుండి నేటి విధి తేటపడుచున్నది. తుపాకిలో తూటా లేదని కన్నులార చూచుకొనుట అన్నిటికంటె మొదటిది. నల్లమందైనచో ప్రేల్చిననాడే నీటితో కడుగవలెను. పాతటోపీ తూటాలైనచో, గొట్టము మెరయుచున్నను, ఆనాడే నీరు, ఆపై నూనె. నేటి తూటాలైనచో ప్రతి యేటు పిమ్మటను శ్రమ యనవసరము. దినపు పని ముగిసినపుడు తుడిచి పలుచగా నూనె రాచిన చాలును. గాడులలో చేరిన రాగిని గురి సడలినపుడు తగిన ద్రావకముతో తీయవచ్చును. కడ్డీని వీలైనంతవరకు మొదటినుండియే దూర్పవలెను. మరల ప్రేల్చుటకు ముందు గొట్టములో నూనెగాని పేలికగాని అడ్డులేదని చూడవలెను. ఈ కడపటి నియమము శుక్రనీతి చెప్పినదే.

విధులు హేతువులనుండి పుట్టును. హేతువు మారినపుడు విధి మారవలెను. కాని హేతువు నిజముగా మారెనా యని పరీక్షింపక విధిని త్రోసివేయరాదు. వేడినీటిని విడిచినవారికి తుపాకులు మాత్రమే చెడెను. వియత్నామున ప్రాణములే పోయెను. పాతగ్రంథములలోని యొక్కొక్క చిన్నవిధిని వ్యర్థమని దాటిపోక, దాని వెనుకనున్న యనుభవమును వెదకుట పరిశోధకుల ధర్మమని విజ్ఞులు గ్రహింతురు గాక.