దేవుణ్ణి లెక్కగట్టే పాఠకులు: ఎపిక్ ఫాంటసీలో మంత్ర నియమాలు, ఫ్యాన్ థియరీలు

నవలలో రచయిత చెప్పకుండా వదిలిన విషయాన్ని, చెప్పిన విషయాల ఆధారంతో పాఠకులు పూరించుకునే ప్రతిపాదనే ఫ్యాన్ థియరీ. ఎపిక్ ఫాంటసీలో ఇలాంటి ఊహలు ముఖ్యంగా రెండు ప్రశ్నల చుట్టూ అల్లుకుంటాయి: ఆ లోకంలో మంత్రశక్తి ఎలా పనిచేస్తుంది, దాని వెనక ఉన్న దేవుడు ఎవరు. ఈ పద్ధతికి మీమాంసకులు ఎప్పుడో పేరు పెట్టారు. దేవదత్తుడు పగటిపూట తినడు, అయినా లావుగానే ఉన్నాడు. కాబట్టి రాత్రి తింటూ ఉండాలి. ఇది అర్థాపత్తి. అయితే తిండి లేనిదే ఒళ్లు రాదన్న నియమం ఖాయంగా ఉన్నప్పుడే ఈ వాదం నిలుస్తుంది. గాలి పీల్చి లావెక్కగల లోకంలో దేవదత్తుడి రాత్రి భోజనం గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఫాంటసీ థియరీల బలాబలాలూ అంతే: ఆ లోకపు మంత్ర నియమాలు ఎంత గట్టివో, థియరీ అంత గట్టిది.

నియమం లేని చోట ఏం జరుగుతుందో టోల్కీన్ సృష్టించిన టామ్ బాంబడిల్ చూపిస్తాడు. 1954లో వెలువడిన 'ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్'లో మహామహులు తాకడానికే భయపడిన ఉంగరం అతని వేలికి ఆటవస్తువైపోతుంది. తొడుక్కున్నా అతను మాయం కాడు. ఎవరితను? సృష్టికర్త అవతారమని కొందరు, వాలార్ దేవతల్లో ఒకడని కొందరు, నేలతల్లి ప్రాణమే మనిషి రూపం దాల్చిందని మరికొందరు వాదించారు. ఏ వాదాన్నీ కాదనడానికి నవలలో కొలబద్ద లేదు. ఉంగరానికి ఎవరి మీద ఎంత పట్టు ఉంటుందన్న సూత్రాన్ని టోల్కీన్ ఎక్కడా రాయలేదు. పురాణయుగంలోనైనా కొన్ని చిక్కుముడులు ఉండాలనీ, బాంబడిల్ తాను కావాలనే వదిలిన ముడి అనీ ఆయన 1954 ఏప్రిల్‌లో నయోమీ మిచిసన్‌కు రాసిన లేఖలో చెప్పారు. తన లోకంలో దేవుడు దేహం ధరించడని మరో సందర్భంలో స్పష్టం చేశారు. మొదటి వాదం దాంతో పడిపోయింది. మిగిలినవి పడలేదు, నిలబడనూ లేదు. వాటిని థియరీలు అనడం కంటే వ్యాఖ్యానాలు అనడం న్యాయం.

రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్' మధ్యేమార్గం. 1990లో మొదలైన ఈ నవలామాలలో శక్తికి స్త్రీ, పురుష భాగాలున్నాయి. నేల, నీరు, నిప్పు, గాలి, ఆత్మ అనే అయిదు పోగులను నేసి మంత్రం కడతారు. నియమాలున్నాయి గానీ పాఠకుల వాదాలు ఎక్కువగా నడిచింది మనుషుల గుర్తింపు మీద. 1993 నాటి 'ది ఫైర్స్ ఆఫ్ హెవెన్' చివర ఆస్మోడియన్ అనే పాత్ర హత్యకు గురవుతాడు. హంతకుణ్ణి అతను గుర్తుపడతాడు, పాఠకుడికి మాత్రం చెప్పడు. జవాబు 2010లో, జోర్డన్ మరణానంతరం బ్రాండన్ సాండర్సన్ పూర్తిచేసిన 'టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్' పదకోశంలో దొరికింది: గ్రెండాల్. పదిహేడేళ్ల వాదనలకు తీర్పు పుస్తకం వెనక పేజీల్లో రావడం కాస్త వింతే. మాజ్రిమ్ టైమ్ అనే పాత్ర మారువేషంలోని డెమాండ్రెడ్ అన్న మరో ప్రసిద్ధ థియరీ 2013 నాటి చివరి సంపుటంతో కూలిపోయింది. అడిగినవారికి జోర్డన్ తరచూ ఇచ్చే జవాబు, చదివి తెలుసుకోండి అన్నది, 'రాఫో' అనే పొట్టి మాటగా ఈ పాఠకుల వాడుకలో స్థిరపడిపోయింది.

సాండర్సన్ సొంత నవలల్లో పరిస్థితి పూర్తిగా మారుతుంది. మంత్రంతో కథలోని చిక్కును విప్పే హక్కు రచయితకు ఎంత ఉంటుందన్నది, ఆ మంత్రం పాఠకుడికి ఎంత అర్థమైందన్న దాన్ని బట్టే ఉంటుందని ఆయన 2007లో ఒక సూత్రం ప్రతిపాదించారు. దానికి ముందే 2005లో వచ్చిన 'ఎలాంట్రిస్' ఈ సూత్రానికి ఉదాహరణగా నిలుస్తుంది. అక్కడ ఏయాన్లు అనే అక్షరాలను గాలిలో గీస్తే మంత్రం పలుకుతుంది. పదేళ్ల కిందట అవి హఠాత్తుగా మూగబోయాయి. అక్షరాల ఆకారం ఆ దేశపు నైసర్గిక స్వరూపానికి ప్రతిబింబమనీ, భూకంపంతో నేలలో ఒక అగాధం ఏర్పడిందనీ, ఆ మేరకు అక్షరంలోనూ ఒక గీత చేరాలనీ రాజకుమారుడు రాయొడెన్ కనుక్కుంటాడు. పటాన్నీ అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి చూసే ఓపికగల పాఠకుడు అతనితో పాటే అక్కడికి చేరుకోగలడు.

దేవుణ్ణి కూడా ఈ లెక్కలోకి దించింది 'మిస్ట్‌బార్న్' మూడు నవలలు (2006–2008). ఇందులో లోహాలను మింగి, కడుపులో మండించి శక్తి పొందుతారు: ఇనుము లోహాన్ని లాగుతుంది, ఉక్కు తోస్తుంది, తగరం ఇంద్రియాలకు పదును పెడుతుంది. ఈ విద్య వెనక ఇద్దరు దేవతలున్నారని మూడో నవల తేల్చి చెబుతుంది: లోకాన్ని ఉన్నదున్నట్టు నిలపాలనుకునే ప్రిజర్వేషన్, దాన్ని అంతం చేయాలనుకునే రూయిన్. తెలుగు పాఠకుడికి స్థితి, లయ కారకులు గుర్తుకు రావచ్చు గానీ పోలిక ఎంతో దూరం సాగదు. వీరిద్దరూ ఒకప్పుడు మామూలు మనుషులు, ఒక మహాశక్తి ముక్కలను చేపట్టి దేవుళ్లయినవారు. భవిష్యత్తును క్షణకాలం చూపే ఏటియం అనే అరుదైన లోహం ఏకంగా రూయిన్ దేహమే. పొగమంచు సోకి జబ్బుపడిన సైనికులు ప్రతిచోటా సరిగ్గా 16 శాతం ఉంటారు. ప్రకృతి అంత కచ్చితంగా ఉండదు కాబట్టి అది ఒక దేవుడు మనుషుల కోసం వదిలిన ఆనవాలని ఎలెండ్ అనే రాజు గ్రహిస్తాడు. మంత్రానికి పనికొచ్చే లోహాలూ పదహారే. అర్థాపత్తి ఇక్కడ కథలోని పాత్ర చేతికే వచ్చింది.

అదే నవలామాల థియరీలు కట్టేవారికి ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. లోహం మీద చెక్కినది తప్ప మిగతా ఏ రాతనైనా రూయిన్ మార్చగలడు. రెండో నవలలో సేజెడ్ అనే పండితుడు ఉక్కు ఫలకం మీది లేఖను బొగ్గుతో కాగితం మీదికి అచ్చు తీసుకుంటాడు. ఫలకం శుద్ధంగానే ఉంది. కాగితం మీది ప్రతి మారిపోయింది. జోస్యాలన్నీ ఆ మారిన పాఠాల నుంచే చదివి, కథానాయిక విన్ చేత రూయిన్‌కే చెర విడిపించారు. తాళపత్రాల పాఠాంతరాలతో కుస్తీపట్టిన పరిష్కర్తలకు ఈ ఇబ్బంది కొత్త కాదు, ఇక్కడ లేఖకుడి దోషం మాత్రం కావాలని చేసినది. విన్ చెవిపోగుదీ ఇలాంటి కథే. మొదటి నవల నుంచీ పాఠకుడి కళ్లెదుటే ఉన్న ఆ చిన్న లోహపు ముక్క ద్వారానే రూయిన్ ఆమెతో మాట్లాడుతున్నాడు.

ఈ నవలలన్నీ కాస్మియర్ అనే ఒకే విశ్వంలోవి. అడొనాల్సియం అనే మూలశక్తి పదహారు ముక్కలైందనీ, పదహారుగురు వాటిని చేపట్టారనీ క్రమంగా వెల్లడైంది. వేర్వేరు లోకాల కథల్లో హోయిడ్ అనే ఒకే మనిషి బిచ్చగాడిగానో కథకుడిగానో కనిపించడం శ్రద్ధగల పాఠకులకు తొలి ఆధారం. 2010 నాటి 'ది వే ఆఫ్ కింగ్స్' అధ్యాయాల తలపై ముక్కలు ముక్కలుగా అచ్చయిన ఒక లేఖలో ఏయోనా, స్కాయ్ అనే ఇద్దరు చనిపోయారన్న మాట ఉంది. ఏయోనా పేరులో ఎలాంట్రిస్ అక్షరాల పేరు వినిపిస్తుంది. ఆ లోకపు దేవతలు వీరేనన్న అనుమానం అలా పుట్టిందే. 2016 నాటి 'ఆర్కేనమ్ అన్‌బౌండెడ్' ఆ లోకంలోని ఇద్దరు దేవతలను ఓడియం అనే మరో దేవుడు హతమార్చాడని వివరించింది.

నియమం అంతా తేటతెల్లమైతే థియరీకి చోటుండకూడదు. కానీ దేవుడి శక్తికి సూత్రం దొరికినంత తేలిగ్గా దేవుడి మనసుకు దొరకలేదు. చేపట్టిన ముక్క మనిషిని తనవైపు వంచుతుంది: రూయిన్‌గా మారిన ఆటీ ఒకప్పుడు దయాళువని అదే లేఖ చెబుతుంది. వంగడానికి ఎంతకాలం పడుతుంది, మొండివాడు ఎంతవరకు ఎదురు నిలవగలడు అన్న వాటికి అంకెలు లేవు. 2020 నాటి 'రిథమ్ ఆఫ్ వార్'లో తారవంజియన్ అనే వృద్ధ రాజు ఓడియం శక్తిని చేజిక్కించుకున్నాక వాదాలన్నీ ఈ దిక్కుకే మళ్లాయి. మంత్రశాస్త్రంగా మొదలైన థియరీ శీల పరీక్షగా మారిందన్నమాట. నవలకు ఇది లాభమే.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ దారి వేరు. 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'లో రహ్లోర్ అనే దేవుడి పేరు చెప్పి థోరోస్ అనే పూజారి చచ్చినవాణ్ణి లేపుతాడు, కానీ ఆ దేవుడు ఉన్నాడో లేడో కథ తేల్చదు. వృక్షాల్లో చేరిన, అడవి బిడ్డలనే ప్రాచీన జాతివారి ఆత్మలే పాత దేవతలని 2011 నాటి అయిదో సంపుటం సూచించాక, మిగతా దేవతలకూ ఇలాంటి లౌకిక వివరణే ఉంటుందని పాఠకులు విస్తరించుకున్నారు. ఒక్క ఉదాహరణ మీద కట్టిన వ్యాప్తి కాబట్టి ఇది బలహీన అనుమానం. తర్వాతి సంపుటం రాకపోవడమే దానికి ఆయుష్షు పోస్తోంది.

రచయిత నోటిమాటకు ఎంత ప్రామాణ్యం ఇవ్వాలన్నదీ ఒక చిక్కే. పుస్తకాల మీద సంతకాలు చేసే సభల్లో సాండర్సన్ ఇచ్చే జవాబులను పాఠకులు ప్రమాణాలుగా భద్రపరుస్తారు. ఆయన మాత్రం అచ్చయ్యే దాకా వాటిని మార్చుకునే హక్కు తనకుందంటారు. శ్రుతికీ స్మృతికీ విరోధం వచ్చినచోట శ్రుతి మాటే నెగ్గినట్టు, ఇక్కడ అచ్చు పుస్తకం నెగ్గుతుంది, నోటి జవాబు తగ్గుతుంది.